సైనిక ఉపగ్రహాల జాడ

సైనిక ఉపగ్రహం ఏ బొమ్మ తీసింది, ఏ మాట మోసింది అన్న సంగతిని దాన్ని పంపిన దేశం దాచుకోగలదు. అది ఏ దారిలో పోతున్నదో దాచడం మాత్రం ఎవరివల్లా కాదు. రాకెట్టు నుంచి విడిపోయాక ఉపగ్రహాన్ని నడిపేది ముఖ్యంగా భూమి ఆకర్షణే. చిక్కబళ్ళాపురం జిల్లా చింతామణి తాలూకాలోని కెంచార్లహళ్ళి మీదుగా పోయే వాతావరణ ఉపగ్రహం ఏ సూత్రానికి లోబడి తిరుగుతుందో, నిఘా ఉపగ్రహమూ దానికే లోబడుతుంది. కొన్నిసార్లు చూసి, కనిపించిన దిశను, వేళను సరిగ్గా రాసి పెట్టుకుంటే, అది మళ్ళీ ఎప్పుడు ఏ మూల నుంచి పైకి వస్తుందో లెక్క కట్టవచ్చు.

కక్ష్యను చెప్పడానికి ఆరు సంఖ్యలు కావాలి. కక్ష్య ఎంత పెద్దది, ఎంత కోలగా ఉంది, భూమధ్యరేఖకు ఎంత వాలుగా ఉంది, ఆ రేఖను ఎక్కడ దాటుతుంది, భూమికి ఎక్కడ అతి దగ్గరగా వస్తుంది, ఫలానా క్షణానికి ఉపగ్రహం ఎక్కడ ఉంది. వీటిని ఒక్కొక్కటి 69 అక్షరాలుండే రెండు వరుసల్లో కుదించి రాయడం చాలాకాలంగా వాడుక. ఈ ఆరింటిలో పరిశీలకుడికి ఎక్కువ కబుర్లు చెప్పేది వాలు. ఉపగ్రహం నేరుగా నెత్తిమీదుగా పోగల అక్షాంశాలు దాని వాలును మించవు. కెంచార్లహళ్ళి, శ్రీహరికోట దాదాపు ఒకే అక్షాంశం మీద, పదమూడున్నర డిగ్రీలకు అటూ ఇటూగా ఉన్నాయి. కాబట్టి తక్కువ ఎత్తున తిరుగుతూ ఇంతకంటే ఎక్కువ వాలున్న దాదాపు ప్రతి ఉపగ్రహమూ ఏదో ఒక రోజు కెంచార్లహళ్ళి మీదుగా పోవలసిందే. రాకెట్టు ఎక్కడి నుంచి లేచిందో తెలిస్తే, వాలును బట్టి అది ఎందుకు లేచిందో కొంత ఊహించవచ్చు.

500 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహం సెకనుకు సుమారు 7.6 కిలోమీటర్ల వేగంతో, తొంభై నాలుగున్నర నిమిషాలకో చుట్టు చుడుతుంది. ఆ వ్యవధిలో భూమి తూర్పుకు దాదాపు 24 డిగ్రీలు తిరుగుతుంది. అందుకని తర్వాతి చుట్టులో ఉపగ్రహం భూమధ్యరేఖను అంతకుముందు దాటిన చోటికి సుమారు 2,600 కిలోమీటర్లు పడమటగా దాటుతుంది. ధ్రువాల మీదుగా పోయే నిఘా ఉపగ్రహాలు ప్రపంచమంతా చూడగలిగేది ఇలాగే.

ఉపగ్రహానికి సొంత వెలుగు లేదు. కింద చీకటి పడి, పైన ఇంకా ఎండ తగులుతున్నప్పుడే అది కదిలే చుక్కలా కంటికి ఆనుతుంది. 500 కిలోమీటర్ల ఎత్తున నడినెత్తికి వచ్చిన ఉపగ్రహం మీద, సూర్యుడు దిగంతానికి 22 డిగ్రీలు కిందికి దిగేదాకా ఎండ ఉంటుంది. కెంచార్లహళ్ళి అక్షాంశంలో సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా దిగిపోతాడు కాబట్టి అందుకు పట్టే సమయం గంటన్నర మాత్రమే. వేసవిలో ఐరోపా ఉత్తర ప్రాంతాల వాళ్ళు రాత్రి పొడుగునా చూడగలరు. ఇక్కడివాళ్ళకు దొరికేది పొద్దు గుంకాక గంటన్నర, తెల్లవారక ముందు గంటన్నర.

చూసేవాళ్ళ సరంజామా పెద్దదేమీ కాదు. బైనాక్యులర్లు, నక్షత్ర పటం, రేడియో టైముతో సరిచూసుకున్న స్టాప్‌వాచ్ ఉంటే చాలు. తెలిసిన రెండు నక్షత్రాల మధ్య గీతను ఉపగ్రహం దాటిన క్షణాన్ని పట్టుకోవాలి. సెకనులో పదో వంతు తప్పితే 760 మీటర్లు తప్పినట్టే, కాబట్టి వేళ విషయంలో ఉదాసీనత పనికిరాదు. ఇప్పుడు చాలామంది సున్నితమైన వీడియో కెమెరాలు, జీపీఎస్ గడియారాలు వాడుతున్నారు. పద్ధతి మాత్రం పాతదే.

ఈ పద్ధతికి పునాది పడింది 1956లో. అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థలో ఖగోళవేత్త ఫ్రెడ్ విపుల్, ఉపగ్రహమన్నది ఇంకా ఎగరక ముందే, మామూలు పౌరులతో ‘మూన్‌వాచ్’ బృందాలను తయారుచేశాడు. వాటికి తోడుగా బేకర్-నన్ అనే భారీ కెమెరాలను ప్రపంచంలో పన్నెండు చోట్ల నిలిపారు. అందులో ఒకటి 1958లో మన నైనీతాల్ వేధశాలకు వచ్చింది.

అమెరికా వేలాది ఉపగ్రహాల కక్ష్యలను ప్రపంచానికి ప్రకటిస్తుంది. తన గూఢచార ఉపగ్రహాల కక్ష్యలను మాత్రం ఆ జాబితాలోంచి తప్పిస్తుంది. ఆ ఖాళీలను నింపేది కొద్దిమంది స్వచ్ఛంద పరిశీలకులు. కెనడాలో టెడ్ మోల్జాన్, నెదర్లాండ్స్‌లో మార్కో లాంగ్‌బ్రూక్ ఈ పనిలో దశాబ్దాలు గడిపారు. ప్రయోగానికి ముందు విమానాలకు, ఓడలకు హెచ్చరిక ఇవ్వక తప్పదు. రాకెట్టు శకలాలు పడే చోట్లను మ్యాపు మీద కలిపితే ఎగిరే దిశ, దాన్నుంచి వాలు తెలుస్తాయి. తొలి చూపుకు అదే ఆధారం.

సముద్రం మీద ఓడలను కనిపెట్టడానికి అమెరికా నౌకాదళం 1976 నుంచి పంపిన ఉపగ్రహాల సంగతి ఇలాగే బయటపడింది. అవి 1,100 కిలోమీటర్ల ఎత్తున, 63.4 డిగ్రీల వాలులో, మూడేసి చొప్పున త్రిభుజంలా కలిసి పోయేవి. ఓడ రాడార్ నుంచి వచ్చే సంకేతం మూడింటికీ ఒకే క్షణంలో అందదు. ఆ అతి చిన్న తేడాలను కొలిచి ఓడ ఎక్కడుందో తేలుస్తారు. మూడు చుక్కలు ఒకే ఎడంతో ఆకాశం దాటుతుంటే, వాటి పని ఏమిటో ఆ అమరికే చెప్పింది. చైనా కూడా యావోగాన్ పేరుతో అదే ఎత్తున, అదే వాలులో మూడేసి ఉపగ్రహాల జట్లను 2010 నుంచి పంపుతున్నది. హిందూ మహాసముద్రంలో నౌకలు నడిపే దేశానికి ఈ జట్ల వేళలు తెలియడం అవసరం.

2019 ఆగస్టు 30న జరిగిన ఘటన ఇంకా గట్టి ఉదాహరణ. ఇరాన్‌లో రాకెట్టు పేలిన ప్రయోగ వేదిక ఫోటోను ఆనాటి అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ట్విట్టర్‌లో పెట్టాడు. అది అంతకుముందు ఎన్నడూ బయటికి రానంత స్పష్టమైన బొమ్మ. వేదిక మీది వస్తువుల నీడలను కొలిచి, ఫోటో ఏ వేళకు తీసిందో పరిశీలకులు తేల్చారు. గుండ్రటి వేదిక కోలగా కనిపించిన తీరును బట్టి కెమెరా ఏ కోణం నుంచి చూసిందో తేలింది. ఆ వేళకు ఆ కోణంలో ఉన్నది యూఎస్ఏ-224 అనే ఉపగ్రహం. 2011 జనవరిలో ఎగిరిన ఆ ఉపగ్రహం కక్ష్యను స్వచ్ఛంద పరిశీలకులు ఏళ్ళుగా లెక్కిస్తూ వస్తున్నారు కాబట్టే ఈ గుర్తింపు గంటల్లో సాధ్యమైంది.

కన్ను పనిచేయని వేళ చెవి పనిచేస్తుంది. 1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ ఎగరేసిన స్పుత్నిక్ 20.005 మెగాహెర్ట్జ్ దగ్గర సంకేతం పంపింది. అమెరికాలో విలియం గయర్, జార్జ్ వైఫెన్‌బాక్ అనే యువ శాస్త్రజ్ఞులు ఆ శబ్దం విన్నారు. హారన్ మోగిస్తూ దూసుకొచ్చే రైలు దగ్గరకొచ్చేటప్పుడు సన్నగా, దాటిపోయాక బొంగురుగా వినిపించినట్టే, ఉపగ్రహం సంకేతమూ వచ్చేటప్పుడు హెచ్చు పౌనఃపున్యంలో, పోయేటప్పుడు తగ్గుగా అందుతుంది. ఇదే డాప్లర్ ప్రభావం. ఆ మార్పు ఎంత వేగంగా జరిగిందో గీత గీస్తే, ఉపగ్రహం అతి దగ్గరగా వచ్చిన క్షణం, అప్పటి దూరం రెండూ ఆ గీతలోనే ఉంటాయి. ఒకే చోట కూర్చుని విన్న సంకేతంతో కక్ష్య మొత్తం లెక్కించవచ్చని ఆ ఇద్దరూ చూపించారు. తర్వాత ఇంకొకరు ఆ లెక్కను తిరగేశారు. కక్ష్య తెలిస్తే వినేవాడు ఎక్కడున్నాడో తెలుస్తుంది కదా. ఆ ఆలోచనలోంచే అమెరికా నౌకాదళం కోసం ట్రాన్సిట్ అనే తొలి ఉపగ్రహ దారిచూపు వ్యవస్థ వచ్చింది.

500 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం 2,200 మెగాహెర్ట్జ్ దగ్గర సంకేతం పంపితే, అది దిగంతం దగ్గర ఉన్నప్పుడు డాప్లర్ మార్పు యాభై కిలోహెర్ట్జ్ దాటుతుంది. మామూలు కంప్యూటరుకు తగిలించే చిన్న రేడియో రిసీవర్‌తోనే ఇంత మార్పును కొలవవచ్చు. సందేశం గుప్తలిపిలో ఉన్నా ఈ కొలతకు అడ్డు లేదు. కావలసింది మాట అర్థం కాదు, గొంతు మారిన తీరు మాత్రమే.

పల్లెటూరి బడి పిల్లలకు చెప్పదగిన ఉదాహరణ ఇంగ్లండులోని కెటరింగ్ గ్రామర్ స్కూలుది. అక్కడి భౌతికశాస్త్రం మాస్టారు జెఫ్రీ పెర్రీ తన విద్యార్థులతో కలిసి, పాతబడిన రిసీవర్‌తో సోవియట్ కాస్మోస్ ఉపగ్రహాల సంకేతాలు వినేవాడు. ఫోటోలు తీసి వారం పైచిలుకుకు కిందికి దిగిపోయే సైనిక ఉపగ్రహాలవి. 1966 మార్చి 17న ఎగిరిన కాస్మోస్-112 కక్ష్య వాలు 72 డిగ్రీలు. అప్పటికి తెలిసిన సోవియట్ ప్రయోగ కేంద్రాల నుంచి ఎగిరే వాటికి ఆ వాలు సరిపోలేదు. ఆ ఏడాది అక్టోబరులో వేరే వాలుతో మరొకటి ఎగిరింది. రెండింటి దారులనూ భూమి మీదికి దించి మ్యాపు మీద గీస్తే, రెండు గీతలూ రష్యా ఉత్తరాన ప్లెసెట్స్క్ అనే ఊరి దగ్గర ఖండించుకున్నాయి. లోకానికి చెప్పని ప్రయోగ కేంద్రం ఒకటి అక్కడ ఉందని ఓ బడి ప్రకటించింది. సోవియట్ ప్రభుత్వం దాన్ని ఒప్పుకున్నది 1983లో. ఓపిక, గడియారం, త్రికోణమితి తప్ప ఆ పిల్లల దగ్గర గొప్ప వనరులు లేవు. అందుకే ఈ చరిత్ర పాఠ్యపుస్తకాలకు ఎక్కవలసింది.

చెవి పెట్టి వినేవాళ్ళకు మరచిపోయిన ఉపగ్రహాలు కూడా దొరికాయి. అమెరికా సైనిక ప్రయోగాల కోసం 1965లో పంపిన ఎల్ఈఎస్-1 రెండేళ్ళకే మూగబోయింది. 2013లో ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో ఒక అమెచ్యూర్ రేడియో పరిశీలకుడు 237 మెగాహెర్ట్జ్ దగ్గర దాని సంకేతం మళ్ళీ విన్నాడు. బ్యాటరీలు చచ్చినా, ఎండ పలకలకు వెలుగు తగిలినప్పుడల్లా ట్రాన్స్‌మిటర్ మేలుకుంటున్నది. కెనడాకు చెందిన స్కాట్ టిల్లీ 2020లో ఎల్ఈఎస్-5 అనే మరో సైనిక ఉపగ్రహాన్ని ఇలాగే పట్టుకున్నాడు. 2018 జనవరిలో జూమా అనే రహస్య ఉపగ్రహం కోసం వెతుకుతూ ఆయన నాసా పోగొట్టుకున్న ఇమేజ్ ఉపగ్రహాన్ని కనిపెట్టాడు. అది 2005 డిసెంబరు నుంచి పలకడం మానేసింది. 2025లో ఆయనే స్టార్‌షీల్డ్ అనే అమెరికా గూఢచార ఉపగ్రహాల సంకేతాలను 2025 నుంచి 2110 మెగాహెర్ట్జ్ మధ్య విన్నాడు. మామూలుగా అది భూమి నుంచి పైకి పంపే సంకేతాలకు కేటాయించిన పట్టీ. ఒక దేశం రేడియో నియమాలను ఎలా వాడుకుంటున్నదో తెలియాలంటే బయటి చెవులు కూడా ఉండాలనడానికి ఇది సాక్ష్యం.

భారతదేశానికి సొంత ఉపగ్రహం సంకేతాలు వినే విద్య 1975 ఏప్రిల్ 19న ఆర్యభట్టతో మొదలైంది. బెంగళూరు పీణ్యలోని పారిశ్రామిక షెడ్లలో తయారైన ఆ ఉపగ్రహం సోవియట్ నేల నుంచి ఎగిరింది. దాని సంకేతాలను శ్రీహరికోటలోనూ, మాస్కో దగ్గరి కేంద్రంలోనూ అందుకున్నారు. ఇప్పుడు ఇస్రో ట్రాకింగ్ సంస్థ ఇస్ట్రాక్ ముఖ్య కేంద్రం అదే పీణ్యలో ఉంది. దాని స్టేషన్లు లక్నో, పోర్ట్ బ్లెయిర్, తిరువనంతపురం, శ్రీహరికోటలతో పాటు మారిషస్, బ్రూనై, ఇండోనేషియాలోని బియాక్ దాకా విస్తరించాయి.

సొంత ఉపగ్రహం తానే పలుకుతుంది. పరాయిది మన పిలుపుకు పలకదు, అంతరిక్షంలోని చెత్త అసలే పలకదు. వాటిని పట్టాలంటే రాడార్ కావాలి. శ్రీహరికోటలో 2015 నుంచి ఉన్న బహువస్తు ట్రాకింగ్ రాడార్‌లో 4,608 చిన్న యాంటెన్నా మూలకాలు ఉన్నాయి. డిష్ తిప్పే పని లేకుండా, ఎలక్ట్రానిక్ పద్ధతిలో కిరణాన్ని మళ్ళిస్తూ ఒకేసారి పది వస్తువులను వెంబడించగలదు. అర మీటరు వెడల్పున్న వస్తువును 1,000 కిలోమీటర్ల దూరంలో గుర్తిస్తుంది. 2020 డిసెంబరు 14న పీణ్యలో ‘నేత్ర’ పేరుతో అంతరిక్ష పరిస్థితుల నియంత్రణ కేంద్రం మొదలైంది. రాడార్లు, టెలిస్కోపులు ఇచ్చే కొలతలను ఒకచోట చేర్చి, ఏది ఎప్పుడు దేనికి దగ్గరగా వస్తుందో లెక్కించడం దాని పని.

సైన్యానికి పనికొచ్చే భారత ఉపగ్రహాలలో ఎక్కువ భాగం శ్రీహరికోట నుంచే ఎగిరాయి. 2001లో టీఈఎస్, 2009లో రాత్రీ పగలూ మేఘాల గుండా చూసే రిశాట్-2, 2018లో వాయుసేనకు జీశాట్-7ఏ, 2019 ఏప్రిల్ 1న ఎమిశాట్, 2025 నవంబరు 2న నౌకాదళం కోసం 4,410 కిలోల సీఎంఎస్-03 ఆ వరుసలోవే. 436 కిలోల ఎమిశాట్ సుమారు 748 కిలోమీటర్ల ఎత్తు నుంచి భూమి మీది రేడియో తరంగాలను కొలుస్తుంది. కింది నుంచి జరిగే పనిని అది పై నుంచి చేస్తుంది. శత్రు రాడార్ ఎక్కడ మోగుతున్నదో కనిపెట్టే ఈ విద్యకు హైదరాబాదులోని రక్షణ ఎలక్ట్రానిక్స్ పరిశోధనాలయం పెట్టింది పేరు.

నౌకాదళానికి 2013లో ఫ్రెంచ్ గయానా నుంచి పంపిన జీశాట్-7 భూస్థిర కక్ష్యలో, 35,786 కిలోమీటర్ల ఎత్తున, తూర్పు రేఖాంశం 74 డిగ్రీల దగ్గర నిలిచింది. ఆ స్థానం కెంచార్లహళ్ళి నుంచి చూస్తే దక్షిణానికి కాస్త పడమటగా, దిగంతానికి సుమారు 73 డిగ్రీల పైన ఉంటుంది. అదే ఊళ్ళో ఇళ్ళ మీద డీడీ ఫ్రీ డిష్ గిన్నెలు ఆగ్నేయానికి తిరిగి ఉండాలి, ఎందుకంటే వాటికి కావలసిన జీశాట్-15 ఉన్నది 93.5 డిగ్రీల దగ్గర. నేల నుంచి చూస్తే భూస్థిర ఉపగ్రహం కదలదు కాబట్టి దాని జాడ కనిపెట్టడం తేలిక. అది పక్కకు జరిగి మరో దేశపు ఉపగ్రహం చెంత చేరినప్పుడే పరిశీలకులకు పని పడుతుంది.

దారి తెలిసినవాడు దాన్నుంచి తప్పించుకోనూ గలడు. 1995 డిసెంబరులో పోఖ్రాన్‌లో జరుగుతున్న అణు పరీక్షల సన్నాహాలు అమెరికా ఉపగ్రహాల ఫోటోలలో పడ్డాయి. పి.వి. నరసింహారావు ప్రభుత్వం మీద అమెరికా ఒత్తిడి తెచ్చింది, ఆ పరీక్షలు జరగలేదు. 1998లో ఆ తప్పు మళ్ళీ దొర్లలేదు. ఉపగ్రహాలు పైకి వచ్చే వేళలు లెక్కించుకుని, పనులు ఎక్కువగా రాత్రిపూట చేశారు. తెల్లవారేసరికి యంత్రాలను మునుపటి చోటనే నిలిపారు. మే 11న పరీక్షలు జరిగేదాకా అమెరికాకు తెలియలేదు. పేలుడు జరిగాక మాత్రం దాచలేరు, నేల కదలిక ప్రపంచమంతా చేరుతుంది. దూర దేశాల అణు పరీక్షలను పసిగట్టే భూకంప యంత్రాల వరుస 1965 నుంచీ చిక్కబళ్ళాపురం జిల్లాలోని గౌరిబిదనూరులోనే ఉంది.

2019 మార్చి 27న భారత్ ఈ లెక్కలను ఆయుధానికి వాడింది. అంతకు రెండు నెలల ముందు జనవరి 24న శ్రీహరికోట నుంచి ఎగిరిన మైక్రోశాట్-ఆర్‌ను ఒడిశాలోని అబ్దుల్ కలాం దీవి నుంచి లేచిన క్షిపణి సుమారు 280 కిలోమీటర్ల ఎత్తున ఢీకొట్టింది. నెల్లూరు జిల్లాకు చెందిన జి. సతీశ్‌రెడ్డి అప్పుడు రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ అధిపతి. సెకనుకు ఏడు కిలోమీటర్లకు పైగా పరుగెత్తే వస్తువును తాకాలంటే ముందుగా దాని కక్ష్య ఎంత కచ్చితంగా తెలియాలో ఊహించవచ్చు. తక్కువ ఎత్తున కొట్టారు కాబట్టి ఎక్కువ శకలాలు కొన్ని వారాల్లోనే గాలిలో కాలిపోయాయి. కొన్ని మాత్రం వెయ్యి కిలోమీటర్లు దాటి పైకి ఎగిశాయి. చివరివి పడిపోవడానికి మూడేళ్ళకు పైగా పట్టింది. ఉపగ్రహాన్ని పగలగొట్టడం ఏ దేశానికైనా ఇంత ఖర్చుతో కూడిన పనే, ఆ ఖర్చు అందరి ఉపగ్రహాల మీదా పడుతుంది.

కక్ష్య లెక్కలు కొద్దిరోజులకే పాతబడతాయి. ఉపగ్రహం ఇంజను మండించి దారి మార్చుకోవడం ఒక కారణం, గాలి రెండో కారణం. 500 కిలోమీటర్ల ఎత్తున కూడా పల్చటి గాలి ఉంటుంది. సూర్యుడిలో తుఫాను చెలరేగితే ఆ గాలి వేడెక్కి పైకి ఉబ్బుతుంది, ఉపగ్రహాలకు అడ్డం పడి, చుట్టు త్వరగా పూర్తయ్యే కింది కక్ష్యలోకి వాటిని దించుతుంది. 2022 ఫిబ్రవరి 3న ఎగిరిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాలలో 38 ఇలాగే కూలిపోయాయి. ఆ సూర్యుణ్ణి రేడియో తరంగాలలో గమనించే యాంటెన్నాలు కెంచార్లహళ్ళి ఉన్న జిల్లాలోనే, గౌరిబిదనూరు రేడియో వేధశాలలో ఉన్నాయి. 1976 నుంచి పనిచేస్తున్న ఆ వేధశాలలో, మొదట కట్టిన టీ ఆకారపు టెలిస్కోపులో వెయ్యి డైపోల్ యాంటెన్నాలు ఉండేవి. అక్కడి సౌర తుఫాను నమోదుకూ, ఏదో ఒక దేశపు నిఘా ఉపగ్రహం అనుకున్న వేళకు అర నిమిషం ముందు రావడానికీ నిజంగానే సంబంధం ఉంది.

ఐక్యరాజ్యసమితి ఒప్పందం ప్రకారం 1976 నుంచి దేశాలు తమ ఉపగ్రహాల కక్ష్య కాలం, వాలు, గరిష్ఠ, కనిష్ఠ ఎత్తులు తెలియజేయాలి. ఉపగ్రహం పని గురించి మాత్రం ఒక్క ముక్తసరి వాక్యంతో సరిపెట్టవచ్చు. తొలి కక్ష్య చెప్పి, తర్వాత మార్చుకున్న కక్ష్య చెప్పని సందర్భాలున్నాయి. స్వచ్ఛంద పరిశీలన అవసరమయ్యేది అక్కడే. దీనివల్ల శత్రువుకు మేలు జరుగుతుందన్న వాదన నిలవదు. పెద్ద దేశాలకు సొంత రాడార్లు ఉన్నాయి, తెలియనిది పౌరులకే. వినే పౌరుడికి హద్దులు లేకపోలేదు. సంకేతం ఉనికిని, పౌనఃపున్యాన్ని కొలవడం ఒక పని, గుప్త సందేశాన్ని విప్పబోవడం పూర్తిగా వేరే పని. భారతదేశంలో వైర్‌లెస్ పరికరాలకు, అమెచ్యూర్ రేడియోకు లైసెన్సు నియమాలు ఉన్నాయి.

ఉపగ్రహం పని ముగిశాక కూడా జాడ తీయడం ఆగదు. ముంబై దాడుల తర్వాత, ఇజ్రాయెల్ రాడార్‌తో, నాలుగేళ్ళ ఆయుష్షుకని పంపిన 300 కిలోల రిశాట్-2 పదమూడున్నరేళ్ళు తిరిగింది. ఇంధనం అయిపోయాక అది గాలి ఒరిపిడికి మెల్లగా దిగుతూ వచ్చింది. దిగే కొద్దీ ఎక్కడ పడుతుందన్న అంచనాను ఇస్రో బృందం సవరిస్తూ పోయింది. 2022 అక్టోబరు 30న అది జకార్తా సమీపంలో హిందూ మహాసముద్రం మీద వాతావరణంలోకి ప్రవేశించింది.